మర్యాద తెలిసిన యంత్రం

“నార తడిసిందా?”

“తడిస్తేనే తూకం వస్తాది.”

కోడ్ సరిపోయింది. గోదాం తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఎల్లాజీ ముక్కు మూసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

దేశ రహస్యాలు కాపాడే శాఖకి విజయనగరంలో ఆఫీసు పెట్టుకోవడానికి ఈ ముక్కిపోయిన గోగునార గోదాం తప్ప చోటు దొరకలేదు. కోడ్ మాట కూడా అంత ఘనమైనదే. ఆ వీధిలో ప్రతి నార వర్తకుడూ రోజూ అనే మాట అది. దారినపోయే బేరగాడెవడైనా పొరపాటున అదే మాట అంటే, చీఫ్ వాడి చేతిలో కూడా ఓ రివాల్వరు పెట్టి పంపేస్తాడని ఎల్లాజీకి గట్టి నమ్మకం.

చీఫ్ జగన్నాధం నార కట్టల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పంచె, చెవిలో పెన్సిలు. మారువేషం కోసం మొదలుపెట్టిన వ్యాపారం అది. ఇప్పుడు ఏది వేషమో, ఏది ఉద్యోగమో ఆయనకే తెలియడం లేదు.

“కూకో,” అన్నాడు చీఫ్. “కెరటం-వన్ మునిగిపోనాది. ఎనిమిది మందీ పోనారు.”

ఎల్లాజీ కూర్చోలేదు.

కెరటం అంటే లాంచీ. పరాయిదేశపు సబ్‌మెరీన్ల చప్పుడు పట్టే పరికరాలని కళింగపట్నం ఎదురుగా సముద్రంలో దింపి రావడం దాని పని. ఏ దారిన వెళ్ళాలో ఏ మనిషికీ ముందు తెలియదు. విజయనగరం శివార్లలో, పాత జమీందారు బంగళాలో ఉన్న కంప్యూటరు ఆ రోజు సముద్రపు పోటూ పాటూ చూసి మధ్యాహ్నం నాలుగింటికి దారి లెక్కకడుతుంది. సరిగ్గా అయిదింటికి వైర్‌లెస్‌లో తనే లాంచీకి పంపుతుంది. అయినా పోయినవారం శత్రువు ఓడ సరిగ్గా ఆ దారిలోనే కాపు కాసింది.

“అంటే రహస్యం మిసను కడుపులోంచి బైటికి పోతన్నాది,” అన్నాడు చీఫ్. “ఎలాగో తేల్చు. కెరటం-టూ నిన్ననే సముద్రంలోకి ఎల్లిపోనాది. దాని రేడియో వింటాదిగానీ మాటాడదు. రేపు మంగళవారం అయిదింటికి దానికి దారి అందాల.”

“మిసన్ని ఆపీయండి బావూ.”

“ఆపితే పాత దారినే పొమ్మని ఆర్డరు. పాత దారంటే ఏటో నీకు తెలుసు గదా.”

ఎల్లాజీకి తెలుసు. ఆ దారి చివర ఎనిమిది శవాలున్నాయి. కెరటం-టూలో ఇంజను డ్రైవరు ఎవరో కూడా తెలుసు. లక్ష్ముడు. తన ఒక్కగానొక్క తమ్ముడు. తెప్ప మీద వేటకెళ్తే ఏ రోజు ఏమవుతాడోనని భయపడి, నలుగురి కాళ్ళూ పట్టుకుని, వాణ్ణి ఈ గవర్నమెంటు ఉద్యోగంలో పెట్టించింది ఎల్లాజీయే. ఒంటి మీద మూడు తూటా మచ్చలున్న మనిషి అప్పుడు నార కట్ట మీద కూలబడ్డాడు.

“శత్రువు ఎవరు?”

“డాక్టర్ లోరింగ్. శ్రీకూర్మం గుడిలో స్తంభాల మీద బొమ్మలకి ఫొటోలు తీస్తన్నానని తిరుగుతన్నాడు. ఆడి గుట్టు పట్టడానికి మన నీలవేణిని ఆడి గేంగులోకి పంపించినాను. రాజాంలో ధాన్యం నిలవల ఆఫీసులో ఉన్నాది. మంచి తెలివైన పిల్ల.”

చీఫ్ ఓ చేతి వాచీ తీసి ఇచ్చాడు. దాంట్లో టేప్ రికార్డరు ఉందట. టైము మాత్రం చూపించదట. ఎల్లాజీ దాన్ని అక్కడే నార కట్ట మీద వదిలేసి బయటపడ్డాడు.

---

ఎయిర్ కండిషనర్ మెకానిక్ వేషానికి ఖాకీ చొక్కా, జేబులో స్క్రూ డ్రైవరు చాలు. బంగళా గేటు దగ్గర తుపాకీతో నిలబడ్డ జవాను ఆ స్క్రూ డ్రైవరుకే సెల్యూట్ కొట్టినంత పని చేశాడు.

లోపల కంప్యూటరు డైరెక్టర్ నరసింగరావు ఉన్నాడు. ఫారిన్‌లో చదివాడు. ఆ సంగతి టై చెబుతుంది, పైపు చెబుతుంది, అవి రెండూ మరిచిపోతే ఆయనే చెబుతాడు. మెకానిక్‌తో రక్షణ రహస్యాలు మాట్లాడకూడదని ఆయనకి తెలియక కాదు. వినేవాడు ఒకడు దొరికాక ఆగడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

“చూడవోయ్, ఇందులో రెండు అంతస్తులు. కింద అంతస్తులో యూజర్లు. ఇరిగేషన్ వాళ్ళు, కాలేజీ వాళ్ళు, రాజాం ధాన్యం వాళ్ళు. ఎవరి ఊళ్ళో వాళ్ళకి టెలిప్రింటరు ఉంది, అక్కడినుంచే పని చేసుకుంటారు. ఒకరి ఫైలు ఇంకొకరు ముట్టుకోలేరు. పై అంతస్తులో సూపర్‌వైజర్. అంటే యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం. దానికి అన్ని ఫైళ్ళూ కనిపిస్తాయి. లాంచీ దారి ఉండేది అక్కడే. పాస్‌వర్డు లేనిదే అక్కడికి చీమ కూడా వెళ్ళలేదు.”

“మరి కిందోళ్ళకి కాయితం అచ్చు కావాలంటే బావూ? ప్రింటరు పైవోడి సేతిలో ఉన్నాది గదా?”

“మంచి ప్రశ్న! ప్రింట్ అని కొడితే యూజరుని ఒక్క క్షణం పైకి ఎక్కిస్తుంది. పని కాగానే దించేస్తుంది. చూడు.”

ఆయన టెలిప్రింటరు ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డు కొట్టి పై అంతస్తుకి ఎక్కాడు. లాంచీ ఫైలు తెరవడం, దారి మార్చడం ఎలాగో కూడా ఉత్సాహంగా కొట్టి చూపించాడు. అవన్నీ ఎయిర్ కండిషనర్ బాగుచెయ్యడానికి అవసరమే కాబోలు. మధ్యలో టీ వచ్చింది. అటెన్షన్ అని రాసి ఉన్న ఎర్ర మీట నొక్కి యంత్రాన్ని ఆపి, టీ తాగి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

ఎల్లాజీ చూపు ఆ ఎర్ర మీట మీద ఆగింది.

“పని మద్దిలో ఆపీసినారు గదా. మళ్ళీ మిమ్మల్ని పాస్‌వర్డు అడగలేదేటి బావూ?”

నరసింగరావు మొహం వెలిగిపోయింది. “అడిగేది! మొదట్లో అడిగేది. అటెన్షన్ నొక్కిన ప్రతిసారీ కిందికి తోసేసి, ‘ఎవరు నువ్వు’ అని అచ్చు కొట్టేది. నన్ను! ఆఫీసర్ల ముందు ఎంత నామోషీ! ఒకసారి పీట వేసి కూర్చోబెట్టిన మనిషిని మధ్యలో లెమ్మంటామా? ఆ దించే భాగం తీయించేశాను. ఇప్పుడు అటెన్షన్ నొక్కితే పైనున్నవాళ్ళు పైనే ఉంటారు. ఇదీ మన పద్ధతి. ఫారిన్ యంత్రానికి మర్యాద నేర్పాను.”

ఎల్లాజీకి చెమట పట్టింది. గది చల్లగానే ఉంది.

విజయనగరంలో పుట్టి పెరిగినవాడెవడికైనా ఇది అర్థం కావడానికి ఫారిన్ చదువు అక్కర్లేదు. పండగనాడు సిరిమాను కొయ్య చివర కూర్చుని ఊరేగినంతసేపే పూజారి అమ్మవారు. ఊరంతా చేతులెత్తి మొక్కుతుంది. మాను దిగాక ఆయన మామూలు మనిషి. దించకుండా వదిలేస్తే? ఇక్కడ ప్రింట్ అని కొట్టిన ప్రతివాణ్ణీ యంత్రం ఓ క్షణం మాను ఎక్కిస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో ఎర్ర మీట నొక్కితే, దించేవాడు లేడు.

“ఓపాలి ఇలా రండి,” అని ఎల్లాజీ పక్కన ఇరిగేషన్ వాళ్ళు వచ్చినప్పుడు వాడుకునే టెలిప్రింటరు దగ్గర కూర్చున్నాడు. ప్రింట్ అని కొట్టి, మిషను గుర్రుమనగానే ఎర్ర మీట నొక్కాడు. తరవాత లాంచీ ఫైలు అడిగాడు. యంత్రం నోరెత్తలేదు. కెరటం-వన్ వెళ్ళిన పాత దారి అంకె అంకె వరసగా అచ్చుకొట్టి ఒళ్ళో పెట్టింది.

నరసింగరావు నోట్లోంచి పైపు జారింది. ఒక్క నిమిషమే. మళ్ళీ దొరికింది. “ఇది లోపం కాదు. సదుపాయాన్ని నువ్వు దుర్వినియోగం చేశావు.”

ఎల్లాజీ ఐడెంటిటీ కార్డు తీసి బల్ల మీద కొట్టాడు. “ఈ సదుపాయానికి ఎనిమిది మంది పోనారు. ఇది ఇంకెవరికి సూపించినారు?”

“నువ్వు రెండోవాడివి. మొదట నీలవేణి గారు అడిగారు. నీలాగే, పాస్‌వర్డు ఎందుకు అడగలేదని. ఎంతో తెలివైన అమ్మాయి. చాలాసేపు మెచ్చుకుంది.”

“ఇప్పుడే సరిచెయ్యండి.”

“ప్రోగ్రాం మార్చాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. పైగా రేపు సిరిమాను పండగ. మా స్టాఫ్ ఒక్కడూ రాడు. నాకు కోట బురుజు మీద సీటు ఉంది.”

“పోనీ రాజాం లైను కోసెయ్యండి.”

“ధాన్యం లెక్కలు ఆగితే కలెక్టర్ గారికి ఎవరు జవాబు చెబుతారు?”

శత్రువులని చూస్తే కూడా ఎల్లాజీకి ఎప్పుడూ ఇంత ఏవగింపు కలగలేదు. వాళ్ళు కనీసం జీతం తీసుకుని చెడ్డ పని చేస్తారు. ఈయన జీతం తీసుకుని గొప్పపని చేశాననుకుంటున్నాడు.

ఫోనులో సంగతి చెబితే చీఫ్ కూడా తక్కువ తినలేదు. “నీలవేణి మన మనిసిరా! నోరు జారకు,” అని ఫోను పెట్టేశాడు.

---

మంగళవారం మధ్యాహ్నం విజయనగరం వైపు బళ్ళు, బస్సులు, జనం. ఎదురుగా రాజాం వైపు ఒక్క మోటార్ సైకిల్. దాని మీద తలకి తువ్వాలు చుట్టుకుని, బస్తాలు మోసే కళాసీ వేషంలో ఎల్లాజీ.

ధాన్యం గోదాము బోసిగా ఉంది. కళాసీలంతా పండగకి పోయారు. రేకుల కప్పు కింద బస్తాలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. ఆ చివర చిన్న గదిలో టెలిప్రింటరు. ఎల్లాజీ బస్తాల వెనక నక్కాడు. ధాన్యం దుమ్ముకి తుమ్ము వస్తే ముక్కు నలుపుకుని ఆపుకున్నాడు.

ముందు సెంటు వాసన వచ్చింది. తరవాత నీలవేణి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, చేతుల్లేని జాకెట్టు, నడుము దగ్గర చిన్న పిస్తోలు. ధాన్యం లెక్కలు రాసే గుమస్తా ఇలా ఉంటే జిల్లాలో ఒక్కడికీ అనుమానం రాలేదు. వచ్చినవాళ్ళ చూపు అంతదూరం వెళ్ళి ఉండదు.

వెనకాల డాక్టర్ లోరింగ్. నున్నగా గీయించిన గుండు, నుదుట ఇంత పొడుగు నామం, చేతిలో గొడుగు. మూడు నెలల నుంచి శ్రీకూర్మంలో కనబడ్డ ప్రతివాడికీ నమస్కారం పెట్టి పెట్టి, ఇక్కడ ఖాళీ గదికి కూడా అలవాటుగా ఒక నమస్కారం పడేశాడు.

నీలవేణి కూర్చుంది. ప్రింట్. ఎర్ర మీట. లాంచీ ఫైలు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు. యంత్రం గడగడా అచ్చుకొట్టింది.

“ఇదిగో కెరటం-టూ దారి,” అంది కాగితం చింపి ఇస్తూ. “నేను చెప్పలేదా? ఎంత మర్యాద గల యంత్రమో!”

“చాలా సంతోషము,” అన్నాడు లోరింగ్ పుస్తకాల తెలుగులో. గొడుగు విప్పాడు. ఊచలన్నీ ఏరియల్. పిడి నిండా ట్రాన్స్‌మిటర్. “కప్పు మీదికి వెళ్ళి పంపవలెను. మీరు కూడా నాతో రండి.”

“నేనెందుకు? ఎండగా ఉంది.”

“మీరు ఇరుపక్షములకు పని చేయుదురు. మిమ్ములను ఈ యంత్రము వద్ద ఒంటరిగా విడువజాలను.”

నీలవేణి మూతి ముడిచింది కానీ కదిలింది. ఇద్దరూ బయటికి వెళ్ళి, గోడకి ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కడం ఎల్లాజీకి వినిపించింది. రేకులు దబదబలాడాయి.

ఎల్లాజీ రివాల్వరు తీశాడు. బయటికి వెళ్ళి రెండు తూటాలు పేలిస్తే ఆ గొడుగు మూగబోతుంది. కానీ శత్రువు ఓడ సముద్రంలోనే ఉండిపోతుంది. రేపు ఇంకో గొడుగు, ఇంకో లాంచీ. లక్ష్ముడి లాంటి వాళ్ళు ఇంకో ఎనిమిది మంది. అదే ఆ కబురుని పోనిచ్చి, తరవాత దారి మార్చేస్తే? ఓడ తనంతట తానే మన నేవీ ముందుకి వచ్చి కూర్చుంటుంది.

మార్చలేకపోతే మాత్రం తమ్ముణ్ణి చేతులారా చంపుకున్నట్టే.

పైన మోర్స్ టిక్కుటిక్కుమంది. ఎల్లాజీ పళ్ళు బిగించి వింటూ కూర్చున్నాడు. ఒక్కో టిక్కూ గుండెల్లో దిగింది. ఆ చప్పుడు ఆగగానే పిల్లిలా బయటికి వెళ్ళి నిచ్చెన దింపేశాడు. అంతర్జాతీయ గూఢచారి ముఠా మొత్తం గొడుగుతో సహా రేకుల మీద ఉండిపోయింది.

అయిదు కావస్తోంది.

టెలిప్రింటరు నీలవేణి వదిలేసినట్టే ఉంది. ఆమె పై అంతస్తుకి ఎక్కింది, లేచి వెళ్ళిపోయింది, యంత్రం మాత్రం దింపలేదు. ఇప్పుడు ఆ పీట మీద ఎల్లాజీ కూర్చున్నాడు. ఎవరు నువ్వని అడగనైనా లేదు. జన్మలో మొదటిసారి నరసింగరావు మూర్ఖత్వం ముందు తలవంచాడు ఎల్లాజీ.

ఏ దారి ఇవ్వాలి? చిన్నప్పుడు నాన్న తెప్ప మీద తిరిగిన సముద్రం కళ్ళ ముందుకి వచ్చింది. వంశధార సముద్రంలో కలిసే చోట ఇసకమేటలు. పెద్ద ఓడ దగ్గరికి కూడా రాలేదు. పోటు మీద ఉంటే చిన్న లాంచీ ఒడ్డుని ఒరుసుకుంటూ దాటుతుంది. పాటు మొదలై నీరు తగ్గితే ఇరుక్కుపోతుంది. ఈపాటికి పోటు వచ్చి ఉండాలి. ఉండాలి, అంతే. కాగితం చూసి చెప్పడానికి అతని దగ్గర కాగితం లేదు.

కొట్టడం మొదలుపెట్టాడు. టెలిప్రింటరు గోదామంతా దద్దరిల్లేలా మోగింది.

“కింద ఎవడో ఉన్నాడు!” నీలవేణి గొంతు. వెంటనే, “నిచ్చెన ఏదీ?”

రేకులో చిల్లు పడింది. తూటా బల్ల కోడు ఎగరగొట్టింది. ఎల్లాజీ ఒక అంకె కొట్టాడు. ఇంకో తూటా. బస్తా పగిలి ధాన్యం జలజలా కాళ్ళ మీదికి కారింది. ఇంకో అంకె. చెవి పక్కనుంచి వేడిగా ఏదో పోయింది. ఆఖరి అంకె కొట్టి, పంపే మీట మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

నాలుగో తూటా టెలిప్రింటరు నడినెత్తిన దిగింది. పళ్ళూ స్ప్రింగులూ ఎగిరిపడ్డాయి. యంత్రం ఒప్పుకుందో లేదో చెప్పాల్సిన కాగితం మీద ఒక్క అక్షరం కూడా పడలేదు. గోడ మీది గడియారం అయిదు కొట్టింది.

“ఎల్లాజీ! నువ్వా?” రేకు చిల్లులోంచి చూస్తున్న నీలవేణి గొంతు హఠాత్తుగా తేనె పూసుకుంది. “వీణ్ణి పట్టించాలనే ఇన్నాళ్ళూ నటించాను. నేను మన మనిషినే.”

“ఏ పూటకి?” అన్నాడు ఎల్లాజీ.

---

పోలీసు ఔట్‌పోస్టు నుంచి చీఫ్‌కి ఫోను చేసి, మోర్స్‌లో విన్న దారిని బట్టి శత్రువు ఓడ ఎక్కడ కాపు కాస్తుందో చెప్పి, మోటార్ సైకిల్ ఎక్కాడు. తెల్లవారేసరికి కళింగపట్నం ఒడ్డున, లైట్‌హౌస్ కింద ఇసకలో కూర్చుని ఉన్నాడు. నిద్ర లేదు. తిండి లేదు. సముద్రం వైపు తప్ప ఇంకో వైపు చూడలేదు.

చీఫ్ జీపులో దిగాడు. పంచె మీద ఇంకా నార పోగులు.

“నేవీవోళ్ళు ఓడని పట్టీసినారు. కలప ఓడలా రంగేసుకున్నాది. రేకుల మీదున్న ఇద్దర్నీ పోలీసులు దింపినారు. కాలిన రేకుల మీద ఆ గుండోడి కాళ్ళు బొబ్బలెక్కినాయి. పోలీసులక్కూడా నమస్కారం ఎట్టినాడట.”

“లాంచీ?”

చీఫ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “తెలీదురా. నేవీ ఎల్లేసరికి సీకటడిపోనాది. అంతకుముందు ఏటయ్యిందో ఎవులికీ తెలీదు. ఓడలోవోళ్ళు నోరు విప్పడం నేదు.”

ఎల్లాజీ చూపు మళ్ళీ సముద్రం మీదికి పోయింది. తను కొట్టిన ఆ అంకెలు ఒకవేళ యంత్రానికి అందకపోతే? అందినా, పాటు ముందే మొదలైతే? అమ్మకి ఏం చెప్పాలి? ‘వాణ్ణి సముద్రం మింగలేదమ్మా, నేనే మింగాను’ అని చెప్పాలా?

“డైరెక్టరు గారు ఆ కంతని పూడ్పించడానికి కమిటీ ఏసినారు,” అన్నాడు చీఫ్, ఏదో ఒకటి అనాలి కనక. “ఆయనే చైర్మన్.”

ఎల్లాజీ ఇసకలో ఉమ్మేశాడు.

అప్పుడు వినిపించింది. దగ్గుతున్న ఇంజను చప్పుడు. ఇసకమేట అవతలనుంచి, ఒక పక్కకి ఒరిగి, నత్తనడకన, కెరటం-టూ వస్తోంది. మనుషులు కనిపించారు. ఎల్లాజీ వేలెత్తి లెక్కపెట్టాడు. ఒకసారి చాలక రెండోసారి లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు.

లాంచీ ఇంకా ఆగకుండానే లక్ష్ముడు మోకాలి లోతు నీళ్ళలోకి దూకాడు. ఒళ్ళంతా గ్రీజు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

“అన్నా! నువ్వేటి ఇక్కడున్నావు? సూడు, సూడు మా బతుకు! నిన్న మాకు దారిచ్చినోడెవుడోగానీ, ఆడి బుర్రలో బురద తప్ప ఏటీ నేదు! ఇసకమేటల మీంచి పొమ్మన్నాడు! తెప్పలోడు కూడా ఎల్లని దారి! పంకా రెక్క ఇరిగిపోనాది, రేత్రంతా నీళ్ళు తోడినాము! ఆ ఎదవ నా సేతికి సిక్కాల, పీక పిసికీసి సముద్రంలో ముంచీకపోతే నా పేరు లక్ష్ముడే కాదు!”

చీఫ్ ఏదో చెప్పబోయాడు. ఎల్లాజీ చేత్తో ఆపేశాడు. కళ్ళు తుడుచుకుని, ఇసకలో కాళ్ళు బారజాపుకుని హాయిగా కూర్చున్నాడు.

“ఆడు ఉట్టి ఎదవేరా,” అన్నాడు. “ఇంకా తిట్టు.”